లెఫ్ట్ దిక్కు సప్పుడు లేని రిసీవర్

పాత స్టీరియో రిసీవర్ రెండు సైడ్లూ పాడకపోతే నాకు టెన్షన్ మొదలవుతుంది గానీ, ఒక్క సైడే పోయిందంటే మాత్రం ధైర్యంగానే మూత తీస్తాను. లోపల లెఫ్ట్‌కూ రైట్‌కూ ఉండేది ఒకటే సర్క్యూట్ కదా, అవే నంబర్ల ట్రాన్సిస్టర్లు, అవే కండెన్సర్లు, అవే వోల్టేజీలు, పక్కపక్కనే రెండుసార్లు కట్టి పెడతారు. సప్పుడు లేని సైడులో ఫలానా చోట ఎన్ని వోల్టులు ఉండాలో తెలియదనుకోండి, పాడుతున్న సైడులో సరిగ్గా అదే చోట మీటర్ పెట్టి చూస్తే చాలు. సర్వీస్ మాన్యువల్ దొరక్కపోయినా పని ఆగదు. ఇంత సులువైన దారి ఉండగా జనం, మెకానిక్కులు కూడా, మూత తీసీ తీయగానే పార్టులు మార్చడం ఎందుకు మొదలుపెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈమధ్య నా దగ్గరికి వచ్చింది మా బావ సెట్టు. బావది జగిత్యాల దగ్గర ఊరు, చాలా ఏళ్ళు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. అప్పట్లో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు టూ-ఇన్-వన్‌లో, టేప్ రికార్డర్లో తెచ్చుకుంటే ఈయన మాత్రం ఎవరో ఇల్లు ఖాళీ చేస్తుంటే కొని ఈ జపాన్ రిసీవర్ మోసుకొచ్చాడు. 1970ల చివరి కాలం నాటిది. ముందు వెండి రంగు పలక, చుట్టూ చెక్క డబ్బా, చేతిలో బరువుగా తిరిగే ట్యూనింగ్ చక్రం. రిసీవర్ అంటే తెలియనివాళ్ళకు ఒక మాట, రేడియో ట్యూనరూ, సన్నటి సిగ్నల్‌ను సర్దే ప్రీయాంపూ, స్పీకర్లను నడిపే పవర్ ఆంపూ మూడూ ఒకే డబ్బాలో ఉండే సెట్టు. కంపెనీ పేరు రాయడం లేదు, ఆ వయసుకు ఏ కంపెనీదైనా ఇంతే. కొనేవాళ్ళ కోసం చిన్న సంగతి: బయటి దేశాలకు పంపిన సెట్లలో ఎఫ్‌ఎం 88 నుంచి 108 దాకా ఉంటుంది, జపాన్‌లో వాడుకోవడానికి చేసినవి 76 నుంచి 90 దాకానే. అలాంటిది ఎంత అందంగా ఉన్నా మన ఆకాశవాణి వరంగల్ 103.5 దాంట్లో రాదు. పైగా అవి 100 వోల్టుల కరెంటుకు చేసినవి.

ఫోన్‌లో బావ చెప్పింది ఇంతే. "లెఫ్ట్ దిక్కు సప్పుడే లేదురా. గీడ చూపిస్తే ఔట్‌పుట్ పోయిందన్నడు, ఐసీ మార్వాలెనట, వేలల్ల అయితదట, గ్యారంటీ ఇయ్యడట." నేను "బావా, ఆయన మూత తీసిండా?" అని అడిగితే, "లేదు, చెవి పెట్టి చూసిండు" అన్నాడు. ఆ సెట్టులో ఔట్‌పుట్ దగ్గర ఐసీ లేనే లేదు, పెద్ద మెటల్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. ఆ మెకానిక్‌ను తిట్టాలని కాదు. రోజంతా ఎల్‌ఈడీ టీవీల్లో బోర్డు తీసి బోర్డు వేసే పని చేసేవాడికి ఇలాంటి సెట్టు ఏడాదికి ఒకటి వస్తే గొప్ప. "తీసుకురా, హన్మకొండల చూద్దాం" అన్నాను. తరవాతి ఆదివారం బస్సులో వెనక సీటు మీద పెట్టుకుని తెచ్చాడు పాపం.

ప్లగ్గు పెట్టే ముందు వెనక చూడాల్సింది వోల్టేజ్ సెలెక్టర్. 110, 120, 220, 240 అని నాలుగు ఉంటాయి. ఇది 220 మీద ఉంది. మన దగ్గర పేరుకు 230 గానీ రాత్రి పది దాటాక మా ఇంట్లో 245 దాకా చూపిస్తుంది, కాబట్టి 240కి తిప్పాను. దీన్ని ఎవరైనా ఆడుకుంటూ 120కి తిప్పి ఉంటే ప్లగ్గు పెట్టగానే మంచి సెట్టు కాస్తా తుక్కు అవుతుంది, ఎంత తొందరున్నా ఇది చూడకుండా స్విచ్ వేయొద్దు. మొదటిసారి నేనెప్పుడూ సిరీస్ బల్బు మీదే పెడతాను, అంటే సెట్టుకు పోయే ఫేజ్ వైరులో మధ్యన ఒక 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలిగి వోల్టేజ్ అంతా తనే తీసుకుంటుంది, సెట్టు బతుకుతుంది. బాగుంటే ఒకసారి మెరిసి మసకబారుతుంది. ఎల్‌ఈడీ బల్బుతో ఈ పని కాదు. ఫిలమెంట్ బల్బులు ఎక్కడైనా కనిపిస్తే రెండు కొని దాచుకోండి, ఇప్పుడవి అడిగితే షాపువాళ్ళు మన మొహం చూస్తున్నారు.

బల్బు మెరిసి తగ్గింది, నాలుగైదు సెకన్లకు లోపల టక్ మని రిలే కొట్టింది. ఈ టక్ చాలా విలువైన సమాచారం. స్పీకర్లను కాపాడే రిలే అది, కరెంటుతో దానంతట అదే కలిసే స్విచ్ అన్నమాట, ఔట్‌పుట్‌లో డీసీ వోల్టేజ్ కనిపిస్తే కలవదు, అప్పుడు రెండు సైడ్లూ మూగగా ఉంటాయి. రిలే కొట్టి ఒక్క సైడే పాడడం లేదంటే పవర్ ట్రాన్సిస్టర్లు కాలిపోయి ఉండే అవకాశం బాగా తగ్గిపోయింది. చెవి పెట్టి విన్న మెకానిక్‌కు ఈ టక్ కూడా వినపడే ఉండాలి. అయినా రిలేను పూర్తిగా నమ్మకుండా, స్పీకర్లు తగిలించక ముందే రెండు సైడ్ల స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్‌తో డీసీ చూశాను. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే భయం లేదు, రెండూ అంతకంటే చాలా తక్కువే. ఇది చూడకుండా "ఈ సైడు స్పీకర్ పోయిందేమో" అని మంచి స్పీకర్ తెచ్చి పోయిన సైడుకు కట్టేవాళ్ళుంటారు, అక్కడ డీసీ ఉంటే ఆ రెండో స్పీకర్ కాయిల్ కూడా కాలుతుంది.

ఇక్కడినుంచి మూత తీయకుండానే చేసే పని చాలా ఉంది. సిగ్నల్ వెళ్ళే దారి మనసులో ఉంచుకోవాలి. ఇన్‌పుట్, సెలెక్టర్, టేప్ మానిటర్ స్విచ్, మోనో స్విచ్, వాల్యూము, బ్యాలెన్సు, బేస్ ట్రెబుల్ ఉండే టోన్ బోర్డు, తరవాత పవర్ ఆంప్, రిలే, స్పీకర్ స్విచ్, స్పీకర్. మన కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లాంటిదే ఇది, పై చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీళ్ళు, కాబట్టి కింది చెరువు ఎండితే దాని కట్ట తవ్వకుండా నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో పైకి పోయి చూడాలి.

స్పీకర్ వైర్లు వెనక అటూ ఇటూ మార్చాను, సెట్టు ఆపేసి. సప్పుడు లేనిది సెట్టు లెఫ్టే, స్పీకర్ బాగానే ఉంది. స్పీకర్ స్విచ్ 'ఏ' నుంచి 'బీ'కి మార్చినా అంతే. ఇన్‌పుట్ మారిస్తే, ఎఫ్‌ఎం పెట్టినా ఆక్స్‌లో (బయటి ప్లేయర్లు కట్టే సాకెట్) ఫోన్ పెట్టినా లెఫ్ట్ లేదు. అంటే తప్పు సెలెక్టర్ దాటాకే. బ్యాలెన్స్ నాబ్ నడుమనే ఉంది (నవ్వకండి, బ్యాలెన్స్ ఒక పక్కకు పోయి ఉండి రిపేరుకు వచ్చిన సెట్లు నేను చూశాను, పిల్లలున్న ఇళ్ళలో ఇది మొదట చూడాలి). టేప్ మానిటర్ బటన్ బయటికే ఉంది, అంటే సెట్టు టేప్ సాకెట్ల వైపు మళ్ళి లేదు. హెడ్‌ఫోన్ పెడితే అందులోనూ రైట్ ఒక్కటే. ఈ సెట్లలో హెడ్‌ఫోన్‌కు సిగ్నల్ పవర్ ఆంప్ ఔట్‌పుట్ నుంచే రెసిస్టెన్స్ మీదుగా వస్తుంది, కొన్నింటిలో రిలేకు ముందు, కొన్నింటిలో తరవాత. ఇందులో ఎక్కడినుంచి వస్తుందో అప్పటికి చూడలేదు కాబట్టి దాన్నిబట్టి ఏమీ తేల్చలేదు. అసలు సమాచారం టేప్ ఔట్ నుంచి వచ్చింది. వెనక టేప్ రికార్డింగుకు పోయే సాకెట్లకు ఒక చిన్న ఆంప్లిఫయర్ కడితే అందులో లెఫ్ట్, రైట్ రెండూ శుభ్రంగా పాడుతున్నాయి. అక్కడిదాకా నీళ్ళు వచ్చాయన్నమాట. తరవాత మోనో బటన్ నొక్కాను. మోనోలో రెండు సైడ్లూ కలిసి రెండిటికీ పోతాయి కదా, తప్పు దానికంటే ముందుంటే రైట్ సిగ్నలే లెఫ్ట్‌లోనూ వినపడాలి. వినపడలేదు. కాబట్టి తప్పు మోనో స్విచ్ తరవాత.

ఇక మిగిలింది ప్రీయాంప్‌దా, పవర్ ఆంప్‌దా అన్నదే. అదృష్టం ఏమిటంటే ఈ సెట్టుకు వెనక ప్రీ ఔట్, మెయిన్ ఇన్ అని నాలుగు సాకెట్లు ఉన్నాయి, వాటిని రెండు రెండు చొప్పున కలుపుతూ యూ ఆకారపు ఇనుప కడ్డీలు. చాలా సెట్లలో ఈ కడ్డీలు తుప్పు పట్టడమే మొత్తం జబ్బు, వాటిని తీసి తుడిచి పెడితే పాట వస్తుంది, మెకానిక్‌కు ఇచ్చే ఐదొందలు మిగులుతాయి. ఇక్కడ తుడిస్తే రాలేదు. అప్పుడు కడ్డీలు తీసేసి మామూలు ఆర్‌సీఏ వైర్లతో అడ్డంగా కట్టాను, ప్రీయాంప్ లెఫ్ట్ నుంచి పవర్ ఆంప్ రైట్‌కు, రైట్ నుంచి లెఫ్ట్‌కు. ప్రతి మార్పుకూ ముందు సెట్టు ఆపి, వాల్యూము సున్నాకు తెచ్చి. ఇప్పుడు స్పీకర్లలో లెఫ్ట్ పాడుతోంది, రైట్ మూగబోయింది. పవర్ ఆంప్ లెఫ్ట్‌కు ఏమీ కాలేదు. ఔట్‌పుట్ పోలేదు, ఐసీ పోలేదు, వేలల్లో చెప్పిన ఖర్చు మొత్తం గాలిమాట. స్క్రూడ్రైవర్ ఇంకా ముట్టుకోలేదు, ఇది గమనించండి. మెయిన్ ఇన్ లేని సెట్లయితే ఈ ఒక్క పని కోసం మూత తీసి, రెండు బోర్డుల మధ్య వైర్లు పట్టుకోవాలి.

బావకు ఫోన్ చేసి చెబితే ఆయన అన్న మాట, "మరి గాయినె ఎందుకట్ల చెప్పిండురా?" నేనేం చెప్పను.

మూత తీస్తే లోపల ఎప్పుడూ ఉండేవే. వేలెడు మందం దుమ్ము, రెండు ఎండిన బల్లులు, బొద్దింక రెక్కలు. పత్తి ఒలిచే ఊళ్ళ నుంచి వచ్చే సెట్లలో దుమ్ముతో పాటు తెల్లటి నూగు కూడా పేరుకుని ఉంటుంది, అది వానాకాలం తేమ పట్టి బోర్డు మీద అట్టలా అంటుకుంటుంది. పెయింటింగ్ బ్రష్షుతో, బ్లోయర్‌తో మెల్లగా తీయాలి. కరెంటు పీకేశాక కూడా పెద్ద ఫిల్టర్ కండెన్సర్లలో చార్జీ నిలబడి ఉంటుంది, ఇలాంటి సెట్లలో ఒక్కోటి పది వేల మైక్రోఫారడ్ల దాకా ఉంటాయి. వాటిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూపించి గొప్పలు పోయేవాళ్ళు ఉంటారు. నేను 100 ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టెన్స్‌కు రెండు వైర్లు కట్టుకుని దాంతో దించుతాను, తరవాత మీటర్ పెట్టి సున్నా అయిందో లేదో చూస్తాను.

నాబ్‌ల దగ్గర కూడా ఒక మాట. వాల్యూము కంట్రోల్ గరగరమంటే మన దగ్గర కుట్టుమిషన్ నూనె పోసే అలవాటు ఉంది. కొద్ది నెలలు బాగుంటుంది, తరవాత దుమ్మంతా ఆ నూనెకు పట్టుకుని జిగురైపోతుంది. స్ప్రే దొరుకుతుంది, ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ అని అడగండి, తుప్పు వదిలించే స్ప్రే ఇస్తే తీసుకోవద్దు. ప్రతి స్విచ్చుకూ కంట్రోల్‌కూ లోపలికి రెండు చుక్కలు కొట్టి ఇరవై ముప్పైసార్లు అటూ ఇటూ తిప్పాలి. ఒక సైడు పోయిన సెట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క పనికే లేచి కూచుంటాయి, ముఖ్యంగా టేప్ మానిటర్ స్విచ్, మోనో స్విచ్. ఇది లేవలేదు.

ఇప్పుడు అసలు పని. ఫోన్‌లో 400 హెర్ట్జ్ టోన్ పెట్టి ఆక్స్‌లోకి వదిలాను, మోనో నొక్కి. పాట పెడితే పనికిరాదు, పాట క్షణక్షణం మారుతుంటుంది, పోల్చడానికి నిలకడగా ఉండేది కావాలి. వెయ్యి హెర్ట్జ్ ఎందుకు వద్దంటే చవక మీటర్లు 400 దాటాక ఏసీని తక్కువ చేసి చూపిస్తాయి. రెండొందలకు దొరికే పసుపు మీటర్‌లో అయితే ఏసీ 200 వోల్టుల రేంజి నుంచే మొదలు, ప్రీయాంప్‌లో ఉండే పావు వోల్టుకు దాంట్లో అంకె కూడా సరిగా కదలదు. అది ఒక్కటే ఉన్నవాళ్ళకు చెవులున్నాయి. పాత కంప్యూటర్ స్పీకర్ ఒకటి తీసుకోండి, లోపల ఆంప్లిఫయర్ ఉండేది, దాని ఇన్‌పుట్ వైరు కోసి లోపలి తీగకు 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ వరసలో కట్టి చివర సూది పెట్టండి, జాలీ తీగకు మొసలి క్లిప్పు పెట్టి సెట్టు ఛాసిస్‌కు తగిలించండి. సూది ఎక్కడ పెడితే అక్కడి సిగ్నల్ ఆ స్పీకర్‌లో వినిపిస్తుంది. ప్రీయాంప్ బోర్డు మీదే వాడాలి, కరెంటు వైపు, పవర్ ఆంప్ వైపు పోకూడదు. పాత రేడియో మెకానిక్కులు ఇదే పనిని వేలితోనో స్క్రూడ్రైవర్ మొనతోనో చేసేవాళ్ళు. వాల్యూము కంట్రోల్ నడిమి కాలు ముడితే గుయ్ మని హమ్మింగ్ రావాలి, వస్తే అక్కడినుంచి ముందుకు అంతా బాగున్నట్టు. కాజీపేటలో ఒక పెద్దాయన అలా ముట్టుకుంటూనే నిమిషంలో చెప్పేసేవాడు, సర్క్యూట్ కాగితం ఆయన చేతిలో ఎప్పుడూ చూడలేదు.

వాల్యూము కంట్రోల్ నడిమి కాళ్ళ దగ్గర లెఫ్ట్, రైట్ సమానం. బ్యాలెన్స్ దాటాక సమానం. టోన్ బోర్డులోకి పోయే వైర్ల దగ్గర సమానం. ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని మూడు కాళ్ళు, ఇక్కడ సిగ్నల్ బేస్‌లోకి పోయి పెద్దదై కలెక్టర్ నుంచి వస్తుంది. బోర్డులో మొదటి ట్రాన్సిస్టర్ బేస్ దగ్గర రెండు పక్కలా టోన్ ఉంది, కలెక్టర్ దగ్గరికి వచ్చేసరికి రైట్‌లో గట్టిగా ఉంది, లెఫ్ట్‌లో ఏమీ లేదు. దొరికింది. ఇక టోన్ ఆపేసి డీసీ చూడాలి, అక్కడ తమాషా ఉంది. రైట్ ట్రాన్సిస్టర్‌కు బేస్ 2.1 వోల్టులు, ఎమిటర్ 1.5, కలెక్టర్ 13. మొదటి రెండిటి తేడా 0.6, సిలికాన్ ట్రాన్సిస్టర్ ఆరోగ్యంగా పనిచేస్తుంటే బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య ఉండాల్సింది అదే. లెఫ్ట్‌కు బేస్ 2.2, ఎమిటర్ సున్నా, కలెక్టర్ 24, అంటే సప్లై ఎంతో అంత. బేస్ ఎమిటర్ల మధ్య రెండు వోల్టులు నిలబడి ఉన్నాయంటే లోపలి జంక్షన్ తెగిపోయింది, లేదా కాలు తెగింది. కరెంటు పారడం లేదు కాబట్టి కలెక్టర్ రెసిస్టెన్స్‌లో వోల్టేజ్ పడటమే లేదు, అందుకే 24కు 24 అక్కడే కనిపిస్తోంది. రైట్ పక్కన లేకపోతే ఈ అంకెల్లో ఏది తప్పో ఏది ఒప్పో చెప్పడానికి కాగితం కావాల్సి వచ్చేది.

ట్రాన్సిస్టర్ మీద సీ458 అని ఉంది. జపాన్ ట్రాన్సిస్టర్ల మీద ముందుండే 2ఎస్ అచ్చు వేయరు, అసలు పేరు 2ఎస్‌సీ458. ఆ కాలపు సెట్లలో ఇది ఎక్కడ చూసినా ఉంటుంది, వయసు మీద పడితే దీని కాళ్ళు నల్లగా మారి గరగర శబ్దాలు చేయడం, తెగిపోవడం రెండూ మామూలే. భూతద్దంలో చూస్తే ఈ ట్రాన్సిస్టర్ కాళ్ళు బొగ్గు రంగులో ఉన్నాయి, ట్వీజర్స్‌తో కదిపితే ఎమిటర్ కాలు మొదట్లోనే ఊడి వచ్చింది. చుట్టూ సోల్డర్ కూడా చూశాను, డ్రై సోల్డర్, అంటే సరిగా పట్టని సోల్డర్, ఉంటే కాలి చుట్టూ సన్నటి గుండ్రటి పగులు కనిపిస్తుంది, ఇక్కడ లేదు.

పార్టు కోసం ఇక్కడి షాపులో అడిగితే బీసీ547 ఇచ్చి "సేమ్ సార్, పని చేస్తది" అన్నారు. పని చేస్తుంది, నిజమే, కానీ కాళ్ళ వరస వేరు. చదును వైపు మన వైపు పెట్టుకుని చూస్తే బీసీ547కు ఎడమనుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. జపాన్ సీ458కు ఎమిటర్, కలెక్టర్, బేస్. ఊరికే దూర్చి సోల్డర్ పెడితే మళ్ళీ మూగే. కాళ్ళు మెలి తిప్పి వేయవచ్చు గానీ నాకది నచ్చదు. సీ1815 అయితే కాళ్ళ వరస సీ458తో సరిపోతుంది, వోల్టేజ్ ఇంకా ఎక్కువే తట్టుకుంటుంది, జీఆర్ అని ఉన్నది తీసుకుంటే గెయిన్, అంటే సిగ్నల్‌ను పెంచే బలం, 200 నుంచి 400 మధ్య ఉంటుంది. హైదరాబాద్ పోయేవాళ్ళుంటే కోఠీ గుజరాతీ గల్లీ నుంచి తెప్పించుకోవడం మాకు అలవాటే. ఏది తెచ్చినా వేయకముందు టెస్టర్‌లో పెట్టి చూడాలి, పాత నంబర్ల పేరుతో నకిలీలు కుప్పలుగా ఉన్నాయి, పవర్ ట్రాన్సిస్టర్లలో అయితే మరీ.

ముందు లెఫ్ట్ ఒక్కటే మార్చాను. 25 వాట్ల ఐరన్, 60/40 సోల్డర్, మూడు సెకన్లకు మించి వేడి పెట్టకుండా, ఎందుకంటే ఆ కాలపు గోధుమ రంగు బోర్డుల మీద రాగి పట్టీ చాలా తేలిగ్గా లేచిపోతుంది. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్తాను. పోయిన సైడు పూర్తిగా పాడేదాకా పాడుతున్న సైడును ముట్టుకోవద్దు. ఎలాగూ తెరిచాం కదా అని కండెన్సర్లన్నీ మార్చేద్దాం అంటారు చాలామంది, యూట్యూబ్‌లో అయితే అదే మొదటి సలహా. రెండు సైడ్లూ ఒకేసారి మార్చి, ఎక్కడో ఒక కండెన్సర్ ప్లస్ మైనస్ తిరగేసి పెడితే ఇక పోల్చి చూడటానికి ఏమీ మిగలదు. లెఫ్ట్ పాడి, అంకెలన్నీ రైట్‌తో సరిపోయాక, అప్పుడు రైట్ ట్రాన్సిస్టర్ కూడా సీ1815కు మార్చాను, దాని కాళ్ళు కూడా నల్లబడటం మొదలైంది కాబట్టి.

అంతటితో అయిపోతుందనుకుంటే కాలేదు. లెఫ్ట్ పాడుతోంది గానీ వాల్యూము తగ్గిస్తే నలిగినట్టు వచ్చి ఆగిపోతోంది, పెంచితే ఒక్కసారిగా తెరుచుకుని శుభ్రంగా పాడుతోంది. ఇది వింటే చాలు, రిలే. వాల్యూము పెరిగితే కాంటాక్ట్‌ల మీది నల్లటి పొరను దాటుకుని కరెంటు పోగలుగుతుంది, తక్కువలో పోలేదు. హెడ్‌ఫోన్‌లో ఎంత తగ్గించినా రెండు సైడ్లూ బాగున్నాయి, దాంతో ఇందులో హెడ్‌ఫోన్ రిలేకు ముందునుంచే వస్తుందని కూడా తేలింది. రిలే డబ్బా ఒకటే గానీ లోపల లెఫ్ట్‌కు ఒక జత, రైట్‌కు ఒక జత కాంటాక్టులు. పైన ప్లాస్టిక్ మూత తీసి, సెట్టు ఆపి ఉండగా, గట్టి కాగితం సన్నగా కోసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కాంటాక్ట్‌ల మధ్య పెట్టి, పైన వేలితో మెల్లగా నొక్కి లాగితే కాగితం మీద నల్లటి గీత పడింది. గీత రాకుండా అయ్యేదాకా కొత్త కాగితాలు. ఉప్పు కాగితం మాత్రం వాడొద్దు, కాంటాక్ట్ మీద ఉన్న వెండి పూత పోతే అది ఇక నెలలు కూడా ఉండదు. పూత ముందే పోయి గుంటలు పడి ఉంటే 24 వోల్టుల రెండు జతల రిలే కొత్తది వేయాలి. మన దగ్గర స్టెబిలైజర్లకు వాడే 12 వోల్టులవి కావలసినన్ని ఉంటాయి, 24వి అడిగి తెప్పించుకోవాలి. కాళ్ళ మధ్య దూరం, కాయిల్ ఓమ్‌లు పాతదానితో సరిపోతున్నాయో చూసుకోవాలి. దీనికి శుభ్రం చేస్తే సరిపోయింది.

సిరీస్ బల్బు తీసేసి నేరుగా కరెంటు మీద పెట్టి, గంట పాడించి, వేడెక్కాక మళ్ళీ డీసీ చూస్తే లెఫ్ట్ 18 మిల్లీవోల్టులు, రైట్ 11. యూ కడ్డీలు మళ్ళీ వాటి చోట పెట్టాను. ఫోన్ నుంచి పాటలు వినడానికి ఆక్స్‌కు ఒక చిన్న బ్లూటూత్ డబ్బా కట్టి ఇచ్చాను, బావకు అదే అన్నిటికంటే నచ్చింది. ఖర్చు రెండు ట్రాన్సిస్టర్లు, ఒక స్ప్రే డబ్బా.

గ్రామఫోన్ ప్లేయర్ పెట్టే ఫోనో ఇన్‌పుట్‌లో రైట్ సైడు కొంచెం హమ్మింగ్ ఉంది, బావ దగ్గర ప్లేయర్ లేదు కాబట్టి అది వదిలేశాను. ఆయన అడుగుతున్నది డయల్ లైట్ల గురించి, ఐదింటిలో రెండు వెలగడం లేదు. అవి 8 వోల్టుల ఫ్యూజ్ ఆకారపు బల్బులు, ఇక్కడ దొరకలేదు. ఎల్‌ఈడీ వేద్దామంటే అక్కడ వచ్చేది ఏసీ, డయోడ్లూ కండెన్సరూ పెట్టకపోతే మినుకుమంటుంది. కోఠీ పోయే మనిషికి చీటీ రాసిచ్చాను, అవి వచ్చేదాకా మూడు బల్బుల వెలుగులోనే స్టేషన్ వెతుక్కోవాలి.